తోమిన వేళ్లు

నన్ను కొట్టినవాళ్లలో ఒక్కరికీ నా పేరు తెలియదు. ఇందులో నేనూ ఎవరి పేరూ రాయడం లేదు. మంచివాళ్ల పేర్లు రాస్తే వాళ్లకు ఇబ్బంది, చెడ్డవాళ్ల పేర్లు రాస్తే నాకు ఇబ్బంది. నా చెల్లెలి పేరు రాసే హక్కు మాత్రం నాకు లేదు. ఎందుకు లేదో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. చదవకపోయినా నాకేం నష్టం లేదు.

ముందు వేళ్ల సంగతి చెప్పాలి.

మదనపల్లెలో పద్దెనిమిదేళ్లు నేను పట్టు రీలింగ్ షెడ్డులో పనిచేశాను. కాగే నీళ్ల తొట్టిలో పట్టుగూళ్లు వేస్తారు. అవి మెత్తబడ్డాక దారం కొస పైకి వస్తుంది. ఆ కొస కంటికి ఆనదు, వేలికొనతోనే వెతికి పట్టుకోవాలి. ఎనిమిదో పదో గూళ్ల కొసలు కలిపి ఒక్క పోగు చేసి తిరిగే చక్రానికి అందించాలి. ఒక పోగు తెగితే మళ్లీ వేలు నీళ్లలోకి పోవాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే పని. మొదటి నెలంతా బొబ్బలు. ఆరో నెలకు తోలు తెల్లబడి పొరలు పొరలుగా ఊడుతుంది. రెండేళ్లకు వేలికొనలు నున్నగా తయారవుతాయి, గీతలంటూ ఉండవు. ఇప్పటికీ పట్టుచీర కట్టుకుని పెళ్లికి పోయే ఆడవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల తప్పేం లేదని నాకు తెలుసు. అయినా మండుతుంది.

రేషన్ షాపులోకి వేలిముద్ర మిషన్ వచ్చినప్పుడు షెడ్డులో సగం మందికి ముద్ర పడలేదు. బియ్యం ఎదురుగా ఉంటాయి, కార్డు చేతిలో ఉంటుంది, మనిషి నిలబడే ఉంటుంది, మిషన్ మాత్రం ఈమె ఈమె కాదంటుంది. డీలర్ మమ్మల్ని ఎగాదిగా చూసి పక్కకు నిలబడమనేవాడు. దాంతో మా షెడ్డు ఆడవాళ్లంతా ఒక పద్ధతి కనిపెట్టుకున్నాం. రేషన్ ఇచ్చే రోజుకు రెండు రోజులు ముందు బాయిలర్ వెనక కూర్చుని ఇటుకముక్కతో వేళ్లు తోముకునేవాళ్లం. చచ్చిన తోలంతా పోయేదాకా తోమి, ఆముదం పట్టించి, పాత గుడ్డ చుట్టుకోవాలి. మూడో రోజుకు కింద లేత తోలు మీద గీతలు కాస్త తేలతాయి. అప్పుడు పోయి మిషన్ మీద పెడితే ఒక్కోసారి పడేది, ఒక్కోసారి పడేది కాదు.

ఆ తోమడంలో నాది గట్టి చెయ్యి. కొత్తగా చేరినవాళ్లకు నేనే తోమి చూపించేదాన్ని. పెద్ద వైద్యం నేర్చినదాని మాదిరి మిడిసిపడేదాన్ని. మా ఊరు తెలియనివాళ్లు ఆ వేళ్లు చూస్తే ఏమనుకుంటారన్నది మాలో ఒక్కరికీ తట్టలేదు. వేళ్లు తోముకోవడం మాకు ముఖం కడుక్కోవడం లాంటి పని.

నా చెల్లెలు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. కుప్పంలో ఇచ్చాం. దాని మొగుడు గ్రానైట్ పనికని హోసూరు వైపు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. వాళ్లకు పుట్టిన ఆడపిల్లను అత్త తన దగ్గరే పెట్టుకుంది. చెల్లెలు నా దగ్గరికి మదనపల్లెకు వచ్చింది. నేనే దాన్ని షెడ్డులో పెట్టించాను. పాపను తెచ్చుకుంటానని అడిగినప్పుడల్లా అత్త ఒకటే మాట అనేది. "నీకొక ఇల్లంటూ ఉండాల గదమ్మా. పెట్టుకున్న పొద్దు వచ్చి తీసకపో. నేను వద్దంటినా?" ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేనుండేది ఒక గది, అందులో పొయ్యి, మంచం, మేమిద్దరం.

అప్పటికి చేతి తొట్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. పెద్ద మిషన్లు వచ్చాయి. మా షెడ్డు యజమాని ముస్లిం పెద్దమనిషి, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లు, మాతో తెలుగు. ఆయన ఒకరోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఇంకో ఆరు నెలలు నడుపుతానమ్మా, ఆపైన నావల్ల కాదు అని చెప్పేశాడు. మిగతా ఆడవాళ్లు ఏడ్చారు. నేను మాత్రం ఆ వారమే బస్సెక్కి పుంగనూరు పోయాను.

మా వైపు ఏ అరబ్బు దేశానికి పోయినా కువైట్ పోయిందనే అంటారు. పుంగనూరులో ఒకామె అట్లా పంపిస్తుంది. ఆమె కూడా ఒకప్పుడు అక్కడ ఇంటిపని చేసి వచ్చిందే. ఇంటి ముందు గదిలో సెంటు సీసాలు, పులిబొమ్మ దుప్పట్లు, పాలపొడి డబ్బాలు పెట్టి అమ్ముతుంది. ఆమెతో మాట్లాడుతుంటే మన ఇంటి పెద్దకూతురితో మాట్లాడినట్టే ఉంటుంది. నాకు కాఫీ ఇచ్చి, నా చేతులు పట్టుకుని చూసి, "ఎట్లయిపోయినాయమ్మా చేతులు" అని కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. ఆ నీళ్లకు నేను పడిపోయాను. అంతకుముందు నా చేతులు చూసి ఎవరూ ఏడవలేదు.

"నువ్ నాకు సెల్లెలు మాదిరి. నేను పోయి రాలా? నన్ను సూడు. ముందు విజిట్ వీసా మీద దిగుతారు. పని కాయితాలు ఆడ వాళ్లే సేస్తారు. ఇద్దరూ పోండి, ఒకరికొకరు తోడు" అంది.

"ఇద్దరం ఒక ఊర్లోనే ఉంటామా?"

"ఒక ఊర్లో ఏంది, పక్కపక్క ఇండ్లు. సాయంత్రమైతే మాట్లాడుకోవచ్చు. ఒకటే మాట, ఆడ వేలిముద్ర తీసుకుంటారు. పడకుంటే ఎనక్కి పంపిచ్చేస్తారు. సూసుకో."

ఏ దేశమని నేను అడగలేదు. కాయితాల్లో ఏముందని అడగలేదు. వేలిముద్ర అన్న ఒక్క మాట మాత్రం మూటకట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

బయలుదేరే రోజు పొద్దున ఇటుకముక్క తీసుకుని వాకిట్లో కూర్చున్నాం. రేషన్‌కు తోమినట్టు తోమితే చాలదనుకున్నాను. అక్కడి మిషన్లు ఇంకా గట్టివని నేనే ఊహించుకున్నాను. చెల్లెలి కుడిచెయ్యి నా మోకాలి మీద పెట్టుకుని ఒక్కో వేలూ తోమాను. ముందు తెల్ల పొర పోయింది, తర్వాత గులాబీ రంగు వచ్చింది. బొటనవేలు మీద, చూపుడువేలు మీద రక్తం చుక్కలు లేచాయి.

"సాలక్కా. మండుతాండాది."

"ఓర్సుకో. ఈడ మండితే ఆడ పడతాది."

"ఇంత యాల తోమేది? నాకు మొన్న రేషన్‌కు పన్నె గదా."

దానికి మొన్న పడింది. అది షెడ్డులో చేరి రెండేళ్లే. దాని వేళ్లకు ఇంకా గీతలున్నాయి. నాకు తెలుసు. అయినా రెండో చెయ్యి కూడా లాక్కుని తోమాను. నేను పెద్దదాన్ని, నాకు తెలిసింది చెయ్యకుండా ఉండలేను. నా వేళ్లు సగం తోముకునేసరికి బస్సుకు టైమైంది. మిగిలింది అట్లాగే వదిలేశాను.

పుంగనూరులో ఆమె మా చేతికి కాయితాలిచ్చింది. అక్కడి నుంచి బస్సులో కుప్పం, కుప్పంలో రైలు. స్టేషన్‌కు అత్త పాపను తీసుకొచ్చింది. ఆరేళ్ల పిల్ల. చెల్లెలు దాని బుగ్గలు పట్టుకుంటే పిల్ల గుడ్డలు చుట్టిన ఆ వేళ్లు చూసి, "ఏమైందమ్మా?" అని అడిగింది.

"మీ పెద్దమ్మ తోమిందిలే" అని చెల్లెలు నవ్వింది. నేనూ నవ్వాను. రైలు వచ్చేదాకా నలుగురం మురుకులు తిన్నాం.

విమానం దిగినచోట వేలిముద్ర అడగలేదు, ముఖం ఫోటో తీసి పంపేశారు. బయటికి వచ్చామో లేదో ఒకడు మా పాస్‌పోర్టులు తీసుకున్నాడు. మళ్లీ మేము వాటిని చేత్తో ముట్టింది లేదు. ఒక అపార్ట్‌మెంటులో పెట్టారు. తొమ్మిది మంది ఆడవాళ్లం, రెండు గదులు, కిటికీలకు న్యూస్‌పేపర్లు అంటించి ఉన్నాయి. కడప వైపు వాళ్లు ఇద్దరు, గోదావరి వైపు ఆమె ఒకతె, మిగతావాళ్లు తమిళం, సింహళం. బయట తాళం. ఎన్నాళ్లుండాలో ఎవరూ చెప్పలేదు.

గోదావరి వైపు ఆమె మూడో రోజు పాస్‌పోర్టు ఇచ్చేయమని, ఇంటికి పోతానని అడిగింది. కాపలా ఉండేవాడు మారు మాట్లాడకుండా టీ కాచే కెటిల్ వైరు పీకి రెండు మడతలు పెట్టి కొట్టాడు. మాకు చూపించి మరీ కొట్టాడు. మేము అన్నం తింటున్నాం. నోట్లో ముద్ద పెట్టుకున్నవాళ్లం నములుతూనే ఉన్నాం. నేనైతే పళ్లెం ఖాళీ చేశాను. ఆ రోజు నుంచి ఆమె మాతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడమే న్యాయం.

నేను ఒకరోజు బయట వెలుతురుందో లేదో చూద్దామని కిటికీ పేపరు కొంచెం చించాను. కాపలావాడు వెనక నుంచి వచ్చి మెడ మీద కొట్టాడు. గోడకు పడి పెదవి చిట్లింది. చెల్లెలు లేచి అడ్డం వచ్చింది. దాన్ని కూడా కడుపులో తన్నాడు. నాకోసం అడ్డం వచ్చింది, ఇది గుర్తు పెట్టుకోండి.

రోజూ మా చేత నేలలు, స్నానాలగది బ్లీచింగ్ మందుతో కడిగించేవాళ్లు. చెల్లెలి వేళ్ల మీద లేత తోలు ఆ మందుకు మాడిపోయింది. పొక్కు కట్టేది, మళ్లీ పగిలేది. ఆముదం లేదు, నూనె చుక్క కూడా లేదు. రాత్రికి అన్నంలో వచ్చిన కూర మీది నూనె తీసి దాని వేళ్లకు రాసేదాన్ని. మా వీసా రోజులు ఆ గదిలోనే అయిపోయాయి. ఏ దొంగతనమూ చేయకుండానే ఆ దేశంలో మేము దొంగలమైపోయాం.

తర్వాత ఒక మధ్యాహ్నం మా ఐదుగురిని వ్యానులో ఎక్కించారు. పక్క దేశానికి రోడ్డు మీదే తీసుకుపోతామన్నారు. డ్రైవరు మన దేశం వాడే. ఏ రాష్ట్రం వాడో చెప్పను, చెబితే ఆ రాష్ట్రం వాళ్లందరినీ తిడతారు. వాడు హిందీలో చెప్పాడు. కాయితాల్లో మీరు ఐదుగురూ ఐదు ఇండ్లకు పోతున్నారు, ఒకరికొకరు సంబంధం లేదు, అక్కాచెల్లెళ్లమని నోరు జారితే కాయితాలన్నీ దొంగవని తెలిసిపోతుంది, ఐదుగురూ జైలుకే అన్నాడు. షెడ్డు యజమాని ఇంటి ఆడవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నాకు దక్కనీ వచ్చు కాబట్టి వాడి మాట అర్థమైంది. చెల్లెలికి రాదు. నేనే తెలుగులో చెప్పాను.

"సరే. ఇంక ఈణ్ణించి నిన్ను అక్కా అనను" అంది అది.

సరిహద్దులో ఇవతలి గేటు దగ్గర డ్రైవరు దిగి పోయి మాట్లాడి వచ్చాడు, మమ్మల్నెవరూ దింపలేదు. అవతలి దేశం గేటు దగ్గర దింపారు. ఏసీ గది, పొడవాటి బల్ల, బల్ల మీద వేలిముద్ర మిషన్. నేను ముందు నిలబడ్డాను. ఒకసారి పడలేదు. తడి కాగితం ఇచ్చి తుడుచుకోమన్నారు. రెండోసారీ పడలేదు. మూడోసారి గట్టిగా నొక్కి పెడితే పచ్చ దీపం వెలిగింది. సగమే తోముకున్న వేళ్లు నావి.

చెల్లెలు నా వెనక వచ్చింది. అది చెయ్యి మిషన్ మీద పెట్టకముందే బల్ల అవతలివాడు మణికట్టు పట్టుకుని చెయ్యి తిప్పి చూశాడు. పది వేళ్లూ పుండ్లు. వాడు ఇంకొకణ్ణి పిలిచాడు. అప్పుడు నాకు తెలియదు, తర్వాత తెలిసింది. ఒకసారి ఆ దేశం నుంచి గెంటేసినవాళ్ల ముద్రలు మిషన్‌లో ఉంటాయట. మళ్లీ దొంగతనంగా వచ్చేవాళ్లు కొందరు ముద్రలు దొరక్కుండా వేళ్లు గీరుకుని, కాల్చుకుని వస్తారట. చెల్లెల్ని అట్లాంటిదే అనుకున్నారు. ముద్ర పడాలని నేను తోమాను, ముద్ర దాచాలని తోమారని వాళ్లనుకున్నారు.

రెండోవాడు దాని చెయ్యి బల్ల అంచుకు ఆనించి వేళ్లు వెనక్కి వంచాడు. చప్పుడు నాకు వినిపించింది. చెంప మీద కొట్టాడు. జుట్టు పట్టుకుని తల బల్లకు వంచాడు. వాళ్లలో హిందీ వచ్చినవాడు డ్రైవర్ని అడిగితే, దారిలో ఎక్కింది, నాకు తెలియదన్నాడు డ్రైవరు. తర్వాత ఆ హిందీ వచ్చినవాడు నా వైపు తిరిగి అడిగాడు, ఈమె నీకు ఏమవుతుంది అని.

"నాకు తెలీదు" అన్నాను. దక్కనీలో అన్నాను, ఆ భాష రానివాళ్లకు కూడా అర్థమయ్యే రెండు ముక్కలు. మెల్లగా అన్నాను.

కెటిల్ వైరు గుర్తుంది, ఐదుగురూ జైలుకే అన్న మాట గుర్తుంది. సాకులు ఇంకా ఉన్నాయి, అడిగితే చెబుతాను. ఏ సాకూ నాకు పనికిరాలేదు. దాన్ని లోపలి గదిలోకి ఈడ్చుకుపోయారు. తలుపు వేశాక కూడా వినిపించింది. అది అమ్మా అని అరిచింది, దేవుడా అని అరిచింది. అక్కా అని మాత్రం అనలేదు. నాకిచ్చిన మాట అంత దెబ్బల్లో కూడా నిలబెట్టుకుంది. నేను వ్యానెక్కి కూర్చున్నాను.

అవతల ఒకరు తక్కువయ్యారని వాళ్ల ముఠావాడు డ్రైవర్ని తిట్టాడు, డ్రైవరు నన్ను కొట్టాడు. ఆ దెబ్బలు నాకు తగినవే అనిపించింది. వాడు ఎందుకు కొట్టాడో వాడికి తెలుసు, నాకు ఎందుకు పడాలో నాకు తెలుసు. తర్వాత ఒక ఇంట్లో పద్నాలుగు నెలలు పనిచేశాను. ఆ ఇంటి సంగతి ఇక్కడ రాయను. మూడో నెలలో ఫోను దొరికితే పుంగనూరు ఆమెకు చేసి చెల్లెలి గురించి అడిగాను.

"బాగుండాది. మంచి ఇంట్లో పడింది. నీకే ఏడుపెక్కువ" అంది.

అప్పటికి నా చెల్లెలు ఆ దేశం లాకప్పులో ఉంది. నీ పాత పేరేంటి, ముందెప్పుడు వచ్చావు అని రోజూ అడిగేవాళ్లట. దానికి పాత పేరు లేదు. మా ఊళ్లో పట్టు తీస్తాం, ముద్ర పడదు, మా అక్క ఇటుకతో తోమింది అని తెలుగులోనే చెప్పిందట. ఎవరో తెలుగు వచ్చినవాణ్ణి తెచ్చి చెప్పిస్తే వాళ్లు నవ్వారట. ఇటుకతో వేళ్లు తోముకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారా అని మళ్లీ కొట్టారట. నిజం చెప్పినందుకు పడిన దెబ్బలే ఎక్కువ. నాలుగు నెలలకు తిప్పి పంపేశారు. ఇదంతా దాని అత్త నాకు చెప్పింది. అది మాత్రం ఇంతవరకూ నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

ఎంబసీ ఇచ్చిన కాయితం మీద నేను తిరిగి వచ్చినరోజు ఇంటికి పోలేదు. నేరుగా పుంగనూరు పోయాను. ఆమె ముందు గదిలోనే ఉంది, దుప్పట్లు మడత పెడుతూ. నన్ను చూసి లేచి, కూర్చోమని, కాఫీ పెట్టించింది. నేను కూర్చోలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. వీధిలో జనం నిలబడ్డారు. ఆమె కోపగించుకోలేదు. అంతా విన్నాక నిదానంగా అంది.

"నేను పంపిచ్చిన ఆడోళ్లు ఎందరో పోయినారు, వచ్చినారు. ఎవురికీ ఇట్ల కాలా. వేళ్లు గీరమని నేను సెప్పినానా? ముద్ర పడాల సూసుకో అన్యా. ఆ పిల్ల వేళ్లు సెడగొట్టింది ఎవురు?"

కాఫీ గ్లాసు గోడకేసి కొట్టి వచ్చేశాను. వేరే ఏం చెయ్యను? ఆమె దొంగది. పేపర్లన్నీ దొంగవని ఆమెకు తెలుసు, గదిలో తాళం వేస్తారని తెలుసు, పక్కపక్క ఇండ్లని అబద్ధం చెప్పింది. పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టాను, ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె సెంటు సీసాలు అమ్ముకుంటూనే ఉంది. కానీ వేళ్ల గురించి ఆమె ఆ రోజు అన్న మాటలో తప్పు లేదు.

ఆ తర్వాత మదనపల్లెలో గల్ఫ్‌కు పోయేవాళ్లకు ఏదో అవగాహన సభ అని పెట్టి నన్ను పిలిచారు. బ్యానరు కట్టారు, వాటర్ బాటిళ్లు పెట్టారు. ఒక సారు లేచి, సరైన కాయితాలు లేకుండా ఎందుకు పోతారమ్మా, చదువుకోరా అని మమ్మల్నే అరగంట తిట్టాడు. తర్వాత నా చేతికి మైకు ఇచ్చి, నీ అనుభవం నాలుగు ముక్కల్లో చెప్పమ్మా అన్నాడు. సరైన కాయితాలు యాడ ఇస్తారు సార్, ఆ ఆఫీసు ఎన్నిగంటలకు తెరుస్తారు, మాలాంటోళ్లను లోపలికి రానిస్తారా, అది చెప్పండి ముందు అన్నాను. మైకు తీసేసుకున్నారు. బాటిలు మాత్రం తెచ్చుకున్నాను.

షెడ్డు మూతపడింది. ఇప్పుడు టమోటా మండీలో కాయలు ఏరే పని చేస్తున్నాను. పండు, దోర, దెబ్బతిన్నది అని వేరు చేసి క్రేట్లలో వెయ్యాలి. చల్లటి పని. ఏడాది తిరిగేసరికి నా వేలికొనల మీద గీతలు తిరిగొచ్చాయి. రేషన్ షాపులో వేలు పెట్టగానే పడుతుంది. పడిన ప్రతిసారీ నాకు ఆ మిషన్‌ను నేలకేసి కొట్టాలనిపిస్తుంది.

చెల్లెలు కుప్పంలో అత్త దగ్గరే ఉంది, పాప పక్కనే. స్టేషన్ దగ్గర ఒక మెస్సులో పిండి రుబ్బే పని. కుడిచేతి చివరి రెండు వేళ్లు వంకరగా అతుక్కున్నాయి. వేలికొనలు పుండ్లు మానాక తోలు మెరుస్తూ, గీత లేకుండా మిగిలాయి. నెలకొకసారి నేను పోతాను. పోతే చాప వేస్తుంది, నీళ్లిస్తుంది, అన్నం పెడుతుంది. "ఇంగొంచెం ఏసుకో" అంటుంది. బస్సు దాకా వచ్చి ఎక్కిస్తుంది. దూరపు చుట్టాలకు చేసినట్టు అన్ని మర్యాదలూ చేస్తుంది. తిట్టదు. తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. ఒకసారి కాళ్లు పట్టుకున్నాను. "లెయ్, పాప సూస్తాండాది" అని పక్కకు జరిగింది.

పోయిన నెల నేను పోయిన రోజున అక్కడ రేషన్ ఇస్తున్నారు. అత్తకు మోకాళ్ల నొప్పులు, మంచం దిగడం లేదు. పాప బడికి పోయింది. నేను కూడా వస్తానంటే చెల్లెలు సంచి తీసుకుని నడిచింది. నేను వెనక నడిచాను.

షాపు ముందు పదిహేను మంది వరస. చెల్లెలి వంతు వచ్చింది. బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడువేలు పడలేదు. అన్ని వేళ్లూ అయ్యాయి. డీలర్ కొత్తవాడు, కుర్రతనం పోని మనిషి. ఆ వేళ్లు చూసి, "ఏమ్మా ఇట్లుండాయి, ఏం సేసుకున్యావు?" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లు మెడలు చాచారు. చెల్లెలు చెయ్యి చీరకొంగులోకి తీసుకుంది.

"ముద్ర పడకుంటే నేనేం సేసేది? కార్డులోది నువ్వేనని నాకెట్ల తెల్స్తాది? తెలిసినోళ్లు ఎవురైనా ఉంటే వచ్చి ఈ పుస్తకంలో సంతకం పెట్టమను. లేకుంటే జరుగు."

వరసలో ఉన్నవాళ్లు ఆమె వాడకట్టువాళ్లే. అయినా ఎవరూ కదల్లేదు. ఎవరి సంచి వాళ్లు పట్టుకుని నిలబడ్డారు. నేను ముందుకు పోయాను. ఆయన పెన్ను ఇస్తూ నా ముఖం చూసి అడిగాడు.

"ఈమె నీకేమైతాది?"

ఆ గది, ఆ బల్ల, ఆ చప్పుడు అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి.

"నా సెల్లెలు" అన్నాను. "నా తోడబుట్టిన సెల్లెలు. నా సొంత సెల్లెలు." రోడ్డు అవతల టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. డీలర్ బిత్తరపోయి, "సరేమ్మా, సంతకం పెట్టు" అన్నాడు. పుస్తకంలో సంతకం పెట్టాను.

చెల్లెలు బియ్యం పట్టించుకుంది. సంచి మూతి బిగించి కట్టింది. వంకరపోయిన రెండు వేళ్లూ ముడి వెయ్యడానికి సహకరించవు, పళ్లతో పట్టుకుని లాగింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. సంచి తలకెత్తుకుని కొంత దూరం నడిచాక, నా వైపు చూడకుండానే అంది.

"అంత గట్టిగా అరవాల్సిన పన్లేదులే. ఆ పొద్దు నువ్వు మెల్లగా సెప్పింది గూడా నాకు ఇనపడింది."